మా లీడ్ నన్ను ‘గారు’ అనడం మొదలుపెట్టాడు

కావలి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు. ఊరు వేసినా ఫరవాలేదట. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు ఇప్పుడు కావలిలో వీధికొకరు ఉన్నారు, ఎవరూ పోల్చుకోలేరని ఆమె ధైర్యం.

ఆమెకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు (బగ్‌లు) పట్టే పని చేస్తారు. 2020లో కరోనా రాగానే లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చేశారు. తర్వాత పెళ్లయింది. భర్తకు జువ్వలదిన్నె వైపు రొయ్యల చెరువులున్నాయి. టీమ్‌లో మిగతావాళ్లంతా మాదాపూర్ ఆఫీసుకు తిరిగి వెళ్లిపోయినా, మేనేజర్ ఒప్పుకున్నాడు కాబట్టి ఈమె కావలి నుంచే పని చేస్తున్నారు.

టీమ్‌లో లీడ్ (పని పంచి ఇచ్చే పైవాడు) లేని వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఏ టీమ్‌లో ఉండదు లెండి. ఇందులో ఆరుగురు. పొద్దున ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్ కాల్ అయిపోగానే అసలు స్టాండప్ అక్కడ మొదలవుతుందట: క్యాంటీన్ సాంబారు, ఎవరికెంత హైక్, కాల్‌లో లీడ్ ఎన్నిసార్లు ‘బేసిక్‌గా’ అన్నాడు. దూరంగా ఉన్న ఈమెకు ఆఫీసుతో మిగిలిన చుట్టరికం ఆ గ్రూపే.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వదిలే ఒక రిలీజ్ రోజు సాయంత్రం లీడ్ అందరి ముందూ, “నువ్వు ఇంటి నుంచే కదమ్మా, ప్రయాణం కూడా లేదు. రాత్రి ప్రొడక్షన్ చెకింగ్ నువ్వు చూసుకో” అన్నాడు. రాత్రి రెండింటిదాకా కూర్చున్నారు. అంతకు ముందు వారమే ఇంకోటి జరిగింది. ఏ కొత్త మార్పు చేసినా పాతవేవీ చెడిపోలేదని సరిచూసుకోవడానికి ఈమె నెలల తరబడి ఒక రిగ్రెషన్ షీట్ తయారుచేసుకున్నారు. దాన్ని క్లయింట్ కాల్‌లో లీడ్ తనే చూపించాడు. క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ పెడితే, పైన ‘టీమ్ ఎఫర్ట్’ అని చేర్చి అందరికీ ఫార్వర్డ్ చేశాడు. ఆ మంట, ఈ నిద్రమత్తు కలిసి, రిలీజ్ కాల్ ఇంకా నడుస్తుండగానే మ్యూట్‌లో ఉండి గ్రూపులో ఇలా కొట్టారు: “మన షీట్ మీద ఆయన పేరు రాసుకోవడమే ఆయన చేసే టెస్టింగ్. బగ్ దొరక్కపోయినా అప్రైజల్ దొరుకుద్ది.” నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. తెల్లారి లేచాక భయమేసి, అందరికీ పోయేలా డిలీట్ చేశారు.

మూడు వారాలకు లీడ్‌తో విడిగా మాట్లాడే నెలవారీ వన్ ఆన్ వన్ వచ్చింది. పని సంగతులన్నీ అయ్యాక లీడ్, “నా గురించి ఏదైనా ఉంటే నాతోనే చెప్పొచ్చు” అన్నాడు. ఈమె “అబ్బే, ఏం లేదండీ” అన్నారు. ఆ రోజు నుంచి ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో ‘అమ్మా’ పోయి, పేరు పక్కన ‘గారు’ వచ్చి కూర్చుంది. ‘ప్లీజ్ చెక్ అండ్ కన్ఫర్మ్’ తప్ప ఇంకో మాట లేదు. గ్రూపు కూడా చల్లబడింది. తనను వదిలేసి ఇంకో గ్రూపు పెట్టుకున్నారేమోనని అనుమానం. స్క్రీన్‌షాట్ పంపింది ఎవరో తెలుసంటున్నారు. చేరిన రోజు నుంచి స్నేహంగా ఉన్న అమ్మాయేనట. రుజువు ఏమిటంటే, ఈ మధ్య కొత్త మాడ్యూల్ ఆ అమ్మాయికే ఇచ్చారు.

ఇంట్లో సంగతి. భర్త, “పోతే పోనీ ఆ ఉద్యోగం. చెరువుల లెక్కలు చూసేవాళ్లు లేక నేను అల్లాడతా ఉండా” అంటారు. (పోయిన పంటకు మేత బాకీ కట్టింది ఈమె జీతంతోనేనని ఉత్తరంలో ఒక మూల ఉంది.) అత్తగారికి కోడలు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి, గ్యాస్ బండ వచ్చినా, పక్కింటి పిలకాయలకు లెక్కలు చెప్పాల్సి వచ్చినా ఆమె గది తలుపే కొడతారు. నెల్లూరులో ఉండే అమ్మది ఏడుపు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు ఉద్యోగం రొట్టె (ఉద్యోగం కోరుకుంటూ తీసుకునే రొట్టె) పట్టిన ఏడాదే ఈ ఉద్యోగం వచ్చింది, మరుసటేడు వెళ్లి రొట్టె వదిలి వచ్చాను, దాన్ని కాలదన్నుకుంటావా అని.

అడిగినవి ఇవి. లీడ్‌కి క్షమాపణ చెప్పుకోవాలా? స్నేహితురాలిని నిలదీయాలా? ఉద్యోగం మానేయాలా? అడుగున చిన్న అక్షరాల్లో ఇంకోటి: “నేను చెడ్డదాన్నా?”

*

అమ్మా, ఆ చిన్న అక్షరాల ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అది తేలకపోతే మిగతావి మీ చెవికెక్కవు. మీరు చెడ్డవారు కాదు. పైవాడి గురించి కిందివాళ్లు చాటున అనుకోవడం సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది కాదు. తాలూకా ఆఫీసు గుమాస్తాలు టీకొట్టు దగ్గర అనుకున్నారు, బళ్లో టీచర్లు హెడ్మాస్టర్ గురించి అనుకుంటారు. అయితే వాళ్ల మాట టీ గ్లాసు కడిగేలోపు గాల్లో కలిసిపోయేది. మీది మీ పేరుతో, టైముతో సహా ఆరు ఫోన్లలోకి ఎక్కింది. చిక్కల్లా అక్కడుంది. మీ లీడ్‌కి మాత్రం మేనేజర్ లేని గ్రూపు ఇంకోటి ఉండదా? అందులో ఆయన రాసేవి మనం చదవలేదు కాబట్టి ఆయన పెద్దమనిషి, అంతే.

కాకపోతే మీరు రాసిన ఆ రెండు ముక్కల్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. నా షీట్‌కి నా పేరు రాలేదు అన్నది ఫిర్యాదు. అది నిజం, న్యాయం. ఆ మనిషికి అది తప్ప పని రాదు అన్నది ఎగతాళి. మీరు ఇప్పుడు సిగ్గుపడుతున్నది ఎగతాళికి, కానీ ఆ సిగ్గులో ఫిర్యాదును కూడా మింగేస్తున్నారు. వన్ ఆన్ వన్‌లో “ఏం లేదండీ” అన్నారు చూడండి, అక్కడ మింగింది అదే. ఆయన అడిగాడు కూడా. మెసేజ్ కంటే ఆ జవాబే మీకు ఎక్కువ నష్టం చేసిందని నాకనిపిస్తోంది.

ఇప్పుడు స్నేహితురాలి సంగతి. ఉత్తరం మళ్లీ చదివితే ఒకటి కనపడింది. స్క్రీన్‌షాట్ చూశానని లీడ్ ఎక్కడా అనలేదు. ఆ మాట మీది. మీరు టెస్టర్ కదా. డెవలపర్ వచ్చి ‘ఎక్కడో ఏదో తేడాగా ఉంది, తప్పు డేటాబేస్‌దే’ అంటే ఒప్పుకుంటారా? ఏ స్టెప్పుల్లో వచ్చింది, మళ్లీ వస్తోందా, ఏం జరిగిందో నమోదైన లాగ్ ఉందా అని అడుగుతారు. మీ స్నేహితురాలి మీద మాత్రం లాగ్ లేకుండానే ఫిర్యాదు టికెట్ వేసి, మీరే క్లోజ్ చేసేశారు.

ఆ మాట ఆయన దాకా వెళ్లి ఉంటే ఎలా వెళ్లి ఉండొచ్చో చూద్దాం. మీరు టైప్ చేసింది రిలీజ్ కాల్ నడుస్తుండగా అని రాశారు. రిలీజ్ కాల్‌లో ఎవరో ఒకరు స్క్రీన్ షేర్ చేసే ఉంటారు, కొత్త వెర్షన్‌ను సర్వర్‌లోకి ఎక్కించేవాళ్లో, లాగ్స్ చూపించేవాళ్లో. ఆ మనిషి మీ గ్రూపులో ఉండి, ఆఫీసు లాప్‌టాప్‌లో వాట్సాప్ తెరిచి పెట్టుకుని ఉంటే? కుడివైపు కింద మూల చిన్న డబ్బా లేస్తుంది. మీ పేరు, దాని కింద మీ మాట. నాలుగైదు సెకన్లు ఉండి పోతుంది. మొత్తం స్క్రీన్ షేర్ చేస్తే అది కాల్‌లో ఉన్న అందరికీ కనపడుతుంది. ఒక్క విండో మాత్రమే షేర్ చేస్తే కనపడదు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఎవరు విండో ఎంచుకుంటారు చెప్పండి. మీరు లేచి డిలీట్ చేసేసరికి అది చూడాల్సినవాళ్లు చూసేసి ఉంటారు. పైగా డిలీట్ చేసిన చోట ‘డిలీట్ చేయబడింది’ అన్న మాట మిగులుతుంది, అది ఇంకాస్త కుతూహలం పుట్టిస్తుంది.

ఇంకో దారి నోటిమాట. ఐదుగురిలో ఒకరు, ద్రోహం చేద్దామని కాదు, టీ తాగుతూ, “ఆ షీట్ విషయంలో ఆమెకు బాగా మండింది సార్” అని ఉండొచ్చు. ఒకవేళ మీ మేలుకోరే అని ఉండొచ్చు కూడా. మూడో దారి, ఆయనకు అసలేమీ తెలియకపోవడం. అప్రైజల్ ముందు కొందరు లీడ్‌లు టీమ్‌లో ఒక్కొక్కరినీ ఆ ప్రశ్న అడుగుతుంటారు. మిగతావాళ్లను కూడా అదే అడిగాడా అన్నది మీరు కనుక్కున్నట్టు ఉత్తరంలో లేదు. ‘గారు’ కూడా అంతే. మిగతా ఆడపిల్లలను ఏమని పిలుస్తున్నాడు? అమ్మా, తల్లీ అనొద్దని ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే అందరికీ ‘గారు’ వచ్చి ఉంటుంది. టీమ్స్‌లో వెనక్కి వెళ్లి చూస్తే ఐదు నిమిషాల పని. మీ ఒక్కరికే వచ్చి ఉంటే అప్పుడు బాధపడండి.

ఇక ఆ కొత్త మాడ్యూల్. ఆ అమ్మాయి రోజూ ఆయన కళ్ల ముందు కూర్చుంటుంది. కొత్త పని వచ్చినప్పుడు లీడ్ తల తిప్పితే కనపడే మనిషికి ఇస్తాడు. అన్యాయమే, కానీ కుట్ర కాదు. చెన్నైలో పనిచేసిన రోజుల్లో నేను ఇది రెండు వైపుల నుంచీ చూశాను. కనపడే వైపు ఉన్నప్పుడు అన్యాయంగా అనిపించలేదు సుమా.

ఆ అమ్మాయిని అడగాలా? రెండు దారులున్నాయి. అడగదలిస్తే ఫోన్‌లో అడగండి, చాట్‌లో వద్దు. రాసిన మాటతోనే కదా ఇంత వచ్చింది. “నువ్వే కదా చూపించావు” అని మొదలుపెడితే, ఆమె చేసినా చేయకపోయినా ఆ స్నేహం ఆ పూటతో సరి. దాని బదులు, “ఆ రాత్రి కాల్‌లో స్క్రీన్ ఎవరు షేర్ చేశారు, నీకు గుర్తుందా?” అని అడగండి. నిజంగా తెలుసుకోవాలనుకునే ప్రశ్న అది. ఆమె గుర్తుచేసుకుని చెప్తే మీ సగం అనుమానం పోతుంది. తడబడితే అది కూడా మీకు తెలుస్తుంది. అడగకుండా ఊరుకోవడం రెండో దారి. అప్పుడు అనుమానం లోపలే ఉంటుంది, ఆమె మామూలుగా పెట్టిన ‘సరే’లో కూడా మీకు ఏదో వినపడుతుంది. మాట్లాడకుండా మోయగలిగే మనిషేనా మీరు అన్నది మీకే తెలియాలి. నాలుగు పేజీలు రాసిన మనిషి మోయగలరని నాకు నమ్మకం లేదు.

గ్రూపులోంచి వచ్చేయాలా అని మీరు అడగలేదు గానీ, ఆ ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. ఇప్పుడు వాట్సాప్‌లో గ్రూపు వదిలితే అడ్మిన్‌కి మాత్రమే చెప్తుంది. కానీ ఆరుగురిలో ఒకరు లేచిపోతే తెలియకుండా ఉంటుందా? అలిగారని అనుకుంటారు, లేదా అంతా తెలిసిపోయిందని అనుకుంటారు. ఉండండి. హైకుల గురించి మాట్లాడండి, సాంబారు గురించి మాట్లాడండి. మనుషుల గురించి మాత్రం మీరు టైప్ చేయకండి. వాళ్లు వేరే గ్రూపు పెట్టుకుని ఉంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. ఆఫీసు లాప్‌టాప్‌లో మీరు కూడా వాట్సాప్ తెరిచి ఉంటే, ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి దాన్ని లాగౌట్ చేసేయండి. లాప్‌టాప్ కంపెనీది, అందులో ఏం చూడొచ్చో నిర్ణయించేదీ కంపెనీయే. టీమ్స్‌లో అయితే ఇంకా జాగ్రత్త. అక్కడ మీరు డిలీట్ చేసిన మెసేజ్ మీ కంటికి కనపడకపోయినా, కంపెనీ పెట్టుకున్న పద్ధతిని బట్టి వాళ్ల దగ్గర ఉండిపోవచ్చు.

లీడ్ దగ్గరికి వద్దాం. అసలు పని ఇక్కడే ఉంది.

ఏమీ అనకుండా తలవంచుకుని పని చేసుకుపోవచ్చు. చాలామంది అదే చేస్తారు, కొంతకాలానికి చల్లబడుతుంది కూడా. రెండు నెలల్లో ఇంకో రిలీజ్, ఇంకో గొడవ వచ్చి మీది పాతబడుతుంది. కానీ మీ షీట్ సంగతి మాత్రం అలాగే ఉండిపోతుంది. వచ్చే క్లయింట్ కాల్‌లో మళ్లీ ఆయనే చూపిస్తాడు. మీరు మళ్లీ ఎక్కడో అంటారు.

లేదా వెళ్లి మొత్తం ఒప్పేసుకుని క్షమాపణ అడగొచ్చు. ఆయన ఆ మెసేజ్ చూసి ఉంటే మంచిదే, మంచు కరుగుతుంది. చూడకపోయి ఉంటే? ఆయనకు తెలియని దాన్ని మీ నోటితో మీరే వినిపించినవారవుతారు. అప్పుడు మిగతా ఐదుగురు కూడా ఇరుక్కుంటారు, ఎందుకంటే నవ్వింది వాళ్లు. మనసు తేలికపడుతుందని చేసే పని ఇంకొకళ్ల మెడకు చుట్టుకుంటే ఎలా?

నాకు నచ్చే దారి మధ్యది. ఆయన మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు, మీరు జవాబు చెప్పలేదు. ఆ జవాబు ఇప్పుడు చెప్పండి. మెసేజ్ ఊసు ఎత్తక్కర్లేదు. పదిహేను నిమిషాలు కావాలని అడగండి. రిలీజ్ వారంలో వద్దు, శుక్రవారం సాయంత్రం వద్దు. వీడియో పెట్టుకోండి, మొహాలు కనపడితే మాట మెత్తబడుతుంది. “ఆ రోజు మీరు అడిగినప్పుడు ఏం లేదన్నానండీ. నిజానికి రెండున్నాయి. రిగ్రెషన్ షీట్ నేను చేసింది, క్లయింట్‌కి చూపించేటప్పుడు నాకు ఒక్క ఐదు నిమిషాలు ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది. రెండోది, ఇంటి నుంచి చేస్తున్నానని రాత్రి పనులు ఎక్కువగా నాకే వస్తున్నాయి. ఇవి మీతో చెప్పకుండా బయట విసుక్కున్నాను, అది నాది పొరపాటే.” అంతే. ‘బయట’ అన్న మాటలో చూసినవాడికి క్షమాపణ అందుతుంది, చూడనివాడికి కొత్త గాయం కాదు. ఆయనే గనక “గ్రూపులో రాసింది చూశాను” అంటే అప్పుడు దాచకండి, “రాయకుండా ఉండాల్సింది” అని ఆగిపోండి. ఎవరు చూపించారని మాత్రం అడగకండి. ఆయన చెప్పడు, చెప్పినా మీకు మేలు జరగదు.

ఆయన ఎలా తీసుకుంటాడో నేను హామీ ఇవ్వలేను. పైన మేనేజర్, అవతల క్లయింట్, కింద మీరు, ఈ ముగ్గురి మధ్యా ఉండే కుర్చీ ఆయనది. అందులో కూర్చున్నవాళ్లలో కొందరు ఇలాంటి మాట విని ఊపిరి పీల్చుకుంటారు, కొందరు ముడుచుకుపోతారు. ముడుచుకున్నా సరే, ఫిర్యాదు చేరాల్సిన చోటికి చేరింది. రేపు రేటింగ్ తగ్గి, ‘ఎప్పుడూ చెప్పలేదే’ అనే అవకాశం ఆయనకు ఉండదు. మాట్లాడిన సాయంత్రం, “మాట్లాడినందుకు థ్యాంక్స్, వచ్చే క్లయింట్ కాల్‌లో షీట్ నేను చూపిస్తానని అనుకున్నాం” అని రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. పొగరుగా ఉండదు, రికార్డు మాత్రం ఉంటుంది. షీట్ ఆన్‌లైన్‌లో ఉంటే వెర్షన్ హిస్టరీలో ఎవరు ఏ రోజు ఏం చేర్చారో ఉంటుంది. మొదటి ట్యాబ్‌లో తయారుచేసినవారు అని మీ పేరు, తేదీ వేసుకోండి. ఇది చేయడానికి మొహమాటపడే టెస్టర్లను చాలామందిని చూశాను, అదే డెవలపర్లు కోడ్ పైన పేరు రాసుకోవడానికి క్షణం ఆలోచించరు.

హెచ్ఆర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. ఆయన ఇంతవరకూ చేసింది షీట్ చూపించడం, రాత్రి పని ఇవ్వడం, ‘గారు’ అనడం. వీటి మీద ఫిర్యాదు నిలవదు, విచారణలో మొదట బయటికి వచ్చేది మీ మెసేజే. మాట్లాడాక కూడా రాత్రులు మీకే పడుతూ ఉంటే, కారణం చెప్పకుండా రేటింగ్ తగ్గిస్తే, అప్పుడు తేదీలతో, మెయిల్స్‌తో మేనేజర్ దగ్గరికి వెళ్లొచ్చు, అక్కడా కాకపోతే హెచ్ఆర్.

మీ ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్నది ఇంకోటుంది. లీడ్ “ఇంటి నుంచే కదమ్మా” అన్నాడు. అత్తగారు కూడా “ఇంట్లోనే ఉండావు గదా” అంటారని రాశారు. మాదాపూర్‌లో ఉన్నవాళ్లకి మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి ఖాళీ. ఇంట్లో ఉన్నవాళ్లకి కంప్యూటర్ ముందే కూర్చున్నారు కాబట్టి ఖాళీ. ఇద్దరి మధ్యా మీ పని ఎవరికీ కనపడటం లేదు. లీడ్‌కి చెప్పినట్టే ఇంట్లోనూ చెప్పాలి. అత్తగారికి మీరు చెప్తే కోడలి విసుగులా వినపడుతుంది, ఆ మాట మీ ఆయన చెప్పాలి. పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా తలుపు కొట్టొద్దు, గ్యాస్ బండ సంగతి ఇంకొకరు చూస్తారు అని. క్లయింట్ కాల్ టైము కూడా ముందే చెప్పి పెట్టండి. మీ క్లయింట్ అమెరికావాళ్లయితే, నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే మీ సాయంత్రం ఆరున్నర కాల్ ఏడున్నరకి వెళ్తుంది, సరిగ్గా వంటింట్లో మీరు కావాల్సిన వేళకి. మార్చిలో మళ్లీ ముందుకొస్తుంది. ఇది తెలియక ఇంట్లో ఏటా రెండుసార్లు రభస అయ్యే కుటుంబాలున్నాయి.

ఆఫీసులో కనపడటానికి కూడా ఏదో ఒకటి చేయాలి. సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి కావలిలో ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. నెలకో, రెండు నెలలకో ఒకసారి వెళ్లి రెండు రోజులు కూర్చుని రండి. ఖర్చు మీదే, అలసట మీదే, ఒప్పుకుంటాను. కానీ కాల్ మొదలయ్యేముందు ఆ పది నిమిషాల కబుర్లలో మీరు నోరెత్తలేకపోతున్నానని రాశారే, ట్రాఫిక్ గురించి, కొత్త బిర్యానీ హోటల్ గురించి ఏం చెప్పాలో తెలియక. రెండు రోజులు కలిసి భోంచేస్తే ఆ బెరుకు పోతుంది. పోతూ పోతూ నెల్లూరు మలైకాజా ఒక పెట్టె తీసుకెళ్లండి, లీడ్‌కి విడిగా కాదు, అందరి మధ్య టేబుల్ మీద పెట్టండి.

ఉద్యోగం మానడం గురించి. మీ ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు, ఆయనకు మనిషి అవసరం కూడా నిజమే. కానీ మేత బాకీ మీ జీతంతో కట్టామని రాసిన చోట నేను ఆగిపోయాను. వనామి రొయ్యల పంటకు వైట్‌స్పాట్ జబ్బు తగిలితే ఏమవుతుందో, రొయ్యలు పట్టే పట్టుబడి రోజున కౌంటు ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) పడిపోతే ఏమవుతుందో నాకన్నా మీ ఇంట్లోవాళ్లకి బాగా తెలుసు. ఆ ఒడిదుడుకుల్లో నెల మొదటి తారీఖున ఖాయంగా వచ్చేది మీ జీతం ఒక్కటే. ఒక మెసేజ్ తెచ్చిన సిగ్గుతో దాన్ని వదులుకోవద్దు. చెరువుల పని మీద ఇష్టంతో వదులుకుంటే అది వేరు, నేను అడ్డు చెప్పను. అమ్మకి మాత్రం చెప్పండి, రొట్టె పట్టింది ఉద్యోగానికి, ఈ కంపెనీకి కాదు. మారితే ఆమె మొక్కు ఎక్కడికీ పోదు.

కంపెనీ మారడం కూడా ఒక దారే. పూర్తిగా ఇంటి నుంచి చేసే టెస్టింగ్ ఉద్యోగాలు కరోనా రోజుల్లో దొరికినంత తేలిగ్గా ఇప్పుడు దొరకడం లేదు. చెన్నై వైపు చూస్తే వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటారు. కావలి నుంచి రోజూ వెళ్లి రావడం అయ్యే పని కాదు, అక్కడో గది, ఇక్కడో కాపురం అవుతుంది. పైగా కొత్త చోట కూడా లీడ్ ఉంటాడు, లీడ్ లేని గ్రూపు ఉంటుంది. మారాలనుకుంటే ఆఫర్ చేతికి వచ్చాకే రాజీనామా పెట్టండి. రిలీవింగ్ లెటర్ సరిగ్గా రావాలి కాబట్టి కోపంగా బయటికి రావద్దు.

మీ కంపెనీలో రాజీనామా ఇచ్చాక పని చేయాల్సిన నోటీసు కాలం ఎంతో ఆఫర్ లెటర్ తీసి చూడండి. చాలాచోట్ల 60 రోజులో 90 రోజులో ఉంటుంది. 90 అయితే దాదాపు ఒక రొయ్యల పంట కాలం. రాజీనామా ఇవ్వకముందే ఆ మూడు నెలలూ ఆదివారాల్లో చెరువుల లెక్కలు మీరు రాసి చూడండి. మేత ఎంత, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు ఎంత, రొయ్య పిల్ల ఎంత, పట్టుబడి ఎంత. మీ చేతికి అలవాటైన షీటే కదా. పంట అయ్యాక ఆ లెక్కను, మీ జీతం స్లిప్పులను పక్కపక్కన పెట్టుకుని, మీరు రాజీనామా పెట్టాలో, నెలకింతని ఇచ్చి చెరువుగట్టు మీద ఒక గుమాస్తాను పెట్టుకోవాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.